కార్డు నిండని రోజు

ఎవరైనా తనని మెచ్చుకుంటే ఫోటో అక్కయ్య సంతోషించదు. వీళ్ళకి నాతో ఏం పని పడిందా అని ఆలోచిస్తుంది. కూరగాయలమ్మే ఆమె ఒక కాయ ఎక్కువ వేస్తే సంచి బోర్లించి, పుచ్చుది ఎక్కడ దూర్చిందా అని వెతుకుతుంది. తలుపు తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తుంది. "ఆ తాళానికి నోరుంటే ఎప్పుడో నీతో గొడవ పెట్టుకునేది, పద" అని భర్త అంటే, ఈయనకెందుకింత తొందర అని ఆయన్ని కూడా ఎగాదిగా చూస్తుంది.

దీనికి ఆమె దగ్గర ఒక సమర్థింపు ఉంది. ముప్పై ఆరేళ్ళుగా జనం మొహాలు చూడటమే ఆమె పని. కెమెరా ముందు కూర్చున్నవాళ్ళెవరూ సొంత మొహంతో కూర్చోరట. స్టూడియో గుమ్మం దాకా ఒకరినొకరు తిట్టుకుంటూ వచ్చిన మొగుడూ పెళ్ళాం, లోపలికి రాగానే భుజం మీద చెయ్యేసుకుని నిలబడతారట. నవ్వమనగానే నవ్వేవాళ్ళని ఎలా నమ్మమంటారు అని అడుగుతుంది. మాట బాగానే ఉంది. కాకపోతే ఆ చూపుని స్టూడియోలోనే వదిలి మేడ మీదికి రావాలి కదా, అది మాత్రం ఆమెకి ఏనాడూ చేతకాలేదు.

స్టూడియో ఒక పక్కవీధిలో, కుట్టుమిషన్ల రిపేరు షాపుకీ కళ్ళద్దాల షాపుకీ మధ్య ఉంటుంది. ముందు గదిలో గుండ్రటి స్టూలు, వెనక బూడిదరంగు తెర, రెండు పక్కలా గొడుగుల్లాంటి ఫ్లాష్ లైట్లు. గోడకి అద్దం, అద్దం కింద దువ్వెన, పౌడరు డబ్బా. దాని వెనక గదిలో కంప్యూటరు, ప్రింటరు. ఇంకా వెనక ఆమె భర్త అద్దాలు కోసి ఫ్రేములు కట్టే బల్ల. పైన ఇల్లు. ఒక మెట్ల వరసే ఇంటికీ పనికీ మధ్య అడ్డం.

కెమెరా ఆమెకి మామగారిచ్చింది. ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి ఫోటోల కంటే ఫ్రేముల మీదే ప్రేమ. చిన్నవాడికి ఒక్క చోట కుదురుగా నిలబడటమే రాదు, చివరికి ఊళ్ళు తిరిగే ఉద్యోగం చూసుకున్నాడు. కొత్తగా వచ్చిన పెద్ద కోడలు ఒకరోజు సరదాకి కెమెరా అందుకుని, వెలుతురు సరిగా లేని వంటగదిలో అత్తగారి ఫోటో తీసింది. అది కడిగి చూశాక మామగారు, "నీ చేతిలో సిమెంటు పోశారా అమ్మా!" అన్నారు. ఆ మాట వీధిలో పాకిపోయింది. "సిమెంటు చెయ్యి" అన్న పేరు అలా వచ్చింది. మెచ్చుకోలుని అనుమానించే మనిషి ఈ ఒక్కదాన్ని మాత్రం ఏ ప్రశ్నా వెయ్యకుండా పుచ్చేసుకుంది. ఎంత చీకటి హాలైనా కెమెరాని చేత్తోనే పట్టుకునేది. స్టాండు ఎందుకు వాడవని ఎవరైనా అడిగితే, "చెయ్యి నిలవనివాళ్ళకి కదా స్టాండు" అనేది.

రీళ్ళ కాలం పోయి డిజిటల్ కెమెరా వచ్చినప్పుడు ఆమె ఏడాది పాటు దాని మొహం చూడలేదు. కడగకుండా, చీకటిగది లేకుండా ఫోటో వచ్చిందంటే అందులో ఏదో మోసం ఉండి తీరాలని ఆమె లెక్క. తప్పక కొన్నాక, దానితో వచ్చిన పుస్తకాన్ని వరస కింద స్కేలు పెట్టి మూడు వారాలు చదివింది. అందులో ఒక్క పేజీ బట్టీ పట్టింది. ఇమేజ్ సైజు, క్వాలిటీ ఎంచుకునే పేజీ.

మెనూ బటన్ నొక్కితే రెండు వరసలు కనిపిస్తాయి. సైజుకి ఎల్, ఎం, ఎస్ అని మూడు అక్షరాలు. పెద్దది, మధ్యరకం, చిన్నది. క్వాలిటీకి ఫైన్, నార్మల్, బేసిక్. వీటిని మార్చినప్పుడల్లా మూలన ఒక అంకె మారుతుంది. కార్డులో ఇంకా ఎన్ని ఫోటోలు పడతాయో చెప్పే అంకె అది. పెద్ద సైజు, ఫైన్ పెడితే ఆమె కార్డుకి నాలుగు వందల ఎనభై. చిన్న సైజు, నార్మల్ పెడితే నాలుగు వేలకి దగ్గర.

"చూశావా?" అంది భర్తతో. "ఎక్కువ ఇస్తానంటున్నాడు. అంటే ఎక్కడో కోసేస్తున్నాడు."

"కొయ్యడమేముందే, ఫోటో చిన్నదవుతుంది, అంతే."

"అదే నేననేది. జనం ఇవాళ అరచేతిలో పట్టేది చాలంటారు, రేపొచ్చి గోడంత కావాలంటారు. పెద్దదాన్ని చిన్నది చెయ్యొచ్చు. చిన్నదాన్ని పెద్దది చెయ్యాలంటే లేని ముక్కూ మూతీ ఎక్కణ్ణుంచి తెస్తావు?"

ఆ రోజున పెద్ద సైజు, ఫైన్ పెట్టింది. మళ్ళీ ఆ పేజీ జోలికి పోలేదు. పోవాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు.

ఏడేళ్ళ కిందట మరిదికి పెళ్ళయి తోడికోడలు వచ్చింది. కంప్యూటరు చదువు చదివిన పిల్ల, మాట మెత్తన, అడుగు చప్పుడు వినపడదు. అడుగు చప్పుడు వినపడని మనిషంటే ఫోటో అక్కయ్యకి మొదట్నుంచీ గుబులే. అయినా పని పంచుకోక తప్పలేదు. కెమెరా పెద్దామెది, కంప్యూటరు చిన్నామెది. ఒకరి వస్తువు ఒకరు ముట్టుకోకూడదు. ఒక్క మినహాయింపు ఏమిటంటే, సాయంత్రం బ్యాటరీని చార్జింగులో పెట్టి, పొద్దున్నే దాన్నీ ఖాళీ కార్డునీ కెమెరాలో వేసి అక్క చేతికివ్వడం తోడికోడలి పని. తీసిన ఫోటోలని ఫోటో అక్కయ్య కెమెరా వెనకున్న అగ్గిపెట్టెంత తెరలో చూసుకుని తృప్తిపడేది. ఆ తర్వాత వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం, ప్రింటు తియ్యడం, జనానికి పెన్‌డ్రైవులో వేసివ్వడం అన్నీ వెనక గదిలోనే జరిగిపోయేవి.

ఇలా ఉండగా బస్సుల డిపోలో ఒక పెద్ద అధికారి పదవీ విరమణ సభ వచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాగే ఇంత పెద్ద పని వచ్చి రెండేళ్ళ పైనే అయింది. అలాంటి రోజున భోజనాలయ్యేసరికి కార్డు నిండాలి, ఆమె దాన్ని తీసి రెండోది వెయ్యాలి. రీలు మార్చిన కాలం నుంచీ ఆమె బొటనవేలికి ఆ టైము తెలుసు. ఆ రోజు భోజనాలైపోయాయి. ఉపన్యాసాలైపోయాయి. టీ కప్పులు కూడా తీసేశారు. ఏడొందల ఫోటోలు తీసింది. కార్డు నిండలేదు.

ఆమె కెమెరా తిప్పి మూలన అంకె చూసింది. ఇంకా మూడు వేల పైచిలుకు ఉంది. మెనూ తెరిచింది. సైజు ఎస్. క్వాలిటీ నార్మల్.

ఇంకొకరైతే అక్కడే కేకలు పెట్టేవాళ్ళు. అనుమానం ముదిరినవాళ్ళు కేకలు పెట్టరు, సాక్ష్యం పోగుచేస్తారు. ఫోటో అక్కయ్య ఓ స్తంభం చాటుకి వెళ్ళి మళ్ళీ పెద్ద సైజు, ఫైన్ పెట్టుకుని, మొహం మామూలుగా పెట్టుకుని వచ్చి మిగతా ఫోటోలు తీసింది. ఇంటికెళ్ళాక ఎవరితోనూ పల్లెత్తు మాట అనలేదు.

మర్నాటి నుంచి వేట మొదలైంది. అద్దం కింద డబ్బాలోంచి చిటికెడు పౌడరు తీసి, సాయంత్రం కెమెరా అప్పజెప్పే ముందు మెనూ బటన్ మీద సన్నగా అద్దింది. మొదటి రోజు పొద్దున పౌడరు పౌడరులాగే ఉంది. రెండో రోజూ అంతే. మూడో రోజు సంగీతం బడిలో పిల్లల కచేరీ ఉంది. ఆ పొద్దున బటన్ మీద పౌడరు చెరిగిపోయి ఉంది. సైజు ఎస్, క్వాలిటీ నార్మల్. దొంగకి అనుమానం రాకూడదని ఆ రోజుకి దాన్ని అలాగే ఉంచి తీసింది. ఇంకో రెండు వారాలు చూసింది. స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలే ఉన్న రోజున ఎవరూ మెనూ ముట్టుకోవడం లేదు. బయట పని ఉన్న రోజునే ముట్టుకుంటున్నారు.

"పాస్‌పోర్టు ఫోటో చెడితే ఎవడడుగుతాడు? పదిమందిలో నా పరువు తియ్యడమే ఈ తోడికోడలికి కావాలి" అనుకుని పళ్ళు నూరింది.

రెండో సాక్ష్యం తనంతట తనే నడిచి వచ్చింది. సంగీతం టీచరు కచేరీ ఫోటోల కోసం వచ్చి, అక్కయ్యని చూసి నవ్వుతూ, "ఈసారి కూడా కాస్త మసగ్గానే వచ్చాయండీ. పర్లేదులెండి, మీ చెల్లెలు చెప్పారు, కెమెరాలో పొరపాటున చిన్న సైజు పెట్టేశారట కదా. ఎవరికైనా జరుగుతుంది" అంది.

"ఎవరు చెప్పారూ?"

"మీ చెల్లెలేనండీ. పోయినసారీ అదే జరిగిందట కదా."

ఫోటో అక్కయ్యకి తల కొట్టేసినట్టయింది. సెట్టింగు మార్చేదీ అదే, మార్చి ఆ తప్పుని గిరాకీల చెవిలో ఊదేదీ అదే! అందరికీ మెత్తగా, జాలిగా, "మా అక్కకి ఈ మధ్య సెట్టింగులు గుర్తుండటం లేదు పాపం" అని చెబుతోందన్నమాట. ఎంత తెలివి! నాలుగు రోజులు పోతే జనమే అంటారు, ఇక పెద్దామెని కూర్చోబెట్టి కెమెరా చిన్నామెకివ్వండి అని.

భర్తని కదిపి చూద్దామనుకుంది. ఆయన బల్ల మీద అద్దం పరిచి వజ్రపు మొన ఉన్న కోతకర్రతో గీత గీస్తున్నాడు.

"మన కెమెరాలో సైజు ఎవరో మారుస్తున్నారు."

ఆయన తల ఎత్తలేదు. "పాతబడింది కదా, దానంతటదే మారుతుందేమో."

"దానంతటదే మారుతుందా? బయట పని ఉందని దానికెవరు చెబుతారు?"

టప్పుమని అద్దం విరిగింది. గీత మీద కాదు, అడ్డంగా. ముప్పై ఏళ్ళలో ఆయన చేతిలో అద్దం అలా విరగడం ఆమె చూడలేదు. ఆయన ముక్కలు ఏరుకుంటూ, "నీకు ఊరికే అనుమానాలే. టీ తాగు, చల్లారిపోతోంది" అన్నాడు. కప్పు ఎత్తబోతే సాసరు గలగలమంది. సాసరు అడుగు సమంగా లేదు, కొత్తవన్నీ ఇలాగే తయారుచేస్తున్నారు వెధవలు అనుకుని, ఆమె కప్పుని అక్కడే వదిలేసింది. ఇంతకీ ఈయనకి ఎందుకు చెయ్యి జారింది అన్నదే బుర్రలో తిరుగుతోంది.

ఆ సంగతి కూడా తేలిపోయింది. ఒక మధ్యాహ్నం మెట్లు దిగుతుంటే ముందు గది అద్దంలో తోడికోడలు కనిపించింది. కెమెరా కంటికి ఆనించుకుని నిలబడి ఉంది. పక్కన ఆయన. "మోచేతులు పక్కటెముకలకి ఆనించమ్మా. ఊపిరి బిగబట్టు. మీ అక్క అలాగే పట్టుకునేది" అంటున్నాడు.

పట్టుకునేది! పట్టుకుంటుంది కాదు, పట్టుకునేది! తను మెట్ల మీద బతికి నిలబడి ఉండగానే!

ఆ పూట ఆమె అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఒంటరిగా కూర్చుంటే ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే అది కోపపు ఏడుపు కాదు, భయపు ఏడుపు. పిల్లలు లేరు. పెద్ద చదువు లేదు. ఇరవై రెండో ఏట చేతికందిన కెమెరా తప్ప తనదని చెప్పుకోడానికి ఈ ఇంట్లో ఏమీ లేదు. అది పోతే తను మేడ మీద కూర్చుని కూరగాయలు తరిగే పెద్దామె. వీధిలో నడుస్తుంటే ఎవరు పలకరిస్తారు? ఏమని పిలుస్తారు?

సరిగ్గా ఆ వారమే బడి వాళ్ళ పని వచ్చింది. ఆ బడికి యాభై ఏళ్ళు నిండాయి. పిల్లలూ టీచర్లూ అందరూ కలిసి రెండు వందల పద్నాలుగు మంది ఒక్క ఫోటోలో ఉండాలి. దాన్ని తలుపంత ఎత్తున, రెండు తలుపులంత వెడల్పున ప్రింటు చేయించి హాలు గోడకి శాశ్వతంగా పెడతారు. కింద తీసినవాళ్ళ పేరు వేస్తామని పెద్ద మేడం స్వయంగా వచ్చి చెప్పింది. ఫోటో అక్కయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్కటీ బాగా వస్తే చాలు, తోడికోడలు ఎవరి చెవిలో ఏమూదినా ఆ గోడే సమాధానం చెబుతుంది. చెడిందా, ఇక తను చెప్పేదేమీ ఉండదు.

ముందురోజు సాయంత్రం బ్యాటరీ, చార్జరు, కార్డులు అన్నీ పట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

"నేను పెడతాను కదక్కా" అంది తోడికోడలు.

"నాకూ చేతులున్నాయిలే."

పొద్దున్నే తనే బ్యాటరీ వేసి, తనే మెనూ తెరిచి, పెద్ద సైజు, ఫైన్ పెట్టి, మూలన నాలుగు వందల ఎనభై చూసుకుని, కెమెరాని మెడకి తగిలించుకుంది. బయట ముసురు పట్టింది. ఆటస్థలంలో తియ్యాల్సిన ఫోటో హాల్లో తియ్యాలని బడి నుంచి ఫోను వచ్చింది.

"అక్కా, హాల్లో బాగా చీకటిగా ఉంటుంది" అంది తోడికోడలు గుమ్మంలో నిలబడి. "ఈ ఒక్కసారికి స్టాండు తీసుకెళ్దామా?"

"ఎందుకు? నా చేతికేమొచ్చింది?"

తోడికోడలు నేల చూపులు చూసింది. "ఏం రాలేదక్కా."

"మరి మూసుకుని ఆటో ఎక్కు."

హాల్లో బెంచీలు ఐదు వరసలు మెట్లుగా వేశారు. మనుషుల్ని కూర్చోబెట్టి, పొట్టివాళ్ళని ముందుకీ పొడుగువాళ్ళని వెనక్కీ సర్దేసరికి గంట పట్టింది. ఆ పని తోడికోడలే చేసింది. కిటికీల్లోంచి వచ్చే వెలుతురు బూడిదరంగులో ఉంది. చిన్న ఫ్లాష్ వేస్తే ముందు రెండు వరసలే కనిపిస్తాయి, వెనకవాళ్ళు నల్లబడిపోతారు. అందుకని ఫ్లాష్ లేకుండా, కెమెరా కన్ను నెమ్మదిగా తెరుచుకుని మూసుకునేలా పెట్టింది. ఇంతకన్నా చీకట్లో తీసినవి ఎన్ని లేవు! మోచేతులు పక్కటెముకలకి ఆనించింది. ఊపిరి బిగబట్టింది. నొక్కింది. ఏడుసార్లు నొక్కి, వెనక తెరలో ఏడూ చూసుకుంది. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

"ఎవరూ కదలకండి, ఒకసారి చూసుకుందాం" అంది పెద్ద మేడం. హాల్లో ప్రొజెక్టరు ఉంది. ఎదురుగా గోడ నిండా తెల్ల తెర. కార్డుని లాప్‌టాప్‌లో పెట్టారు.

బొమ్మ గోడ మీద పడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫోటో అక్కయ్య ఛాతీ పొంగింది. తర్వాత పెద్ద మేడం ముందు వరసని దగ్గరికి లాగమంది. లాగారు. చప్పట్లు ఆగిపోయాయి.

ప్రతి మొహానికీ రెండేసి అంచులున్నాయి. కళ్ళు పక్కకి సాగిపోయి ఉన్నాయి. లెక్కల సారు మీసం ఒకదాని పక్కన ఇంకొకటి ఉంది. "సారుకి నాలుగు కళ్ళు!" అన్నారెవరో. హాలు గొల్లుమంది. రెండోది తెరిచారు. మూడోది తెరిచారు. ఏడూ అంతే.

ఆ నవ్వుల్లోంచి తోడికోడలి గొంతు వినిపించింది. "మేడం, తప్పు నాదే. పొద్దున బ్యాటరీ వేసేటప్పుడు నేనే పొరపాటున చిన్న సైజు పెట్టేశాను. అక్కకి తెలీదు."

ఫోటో అక్కయ్య చప్పున తల తిప్పింది. బ్యాటరీ వేసింది తను. సైజు పెట్టింది తను. ఈ పిల్ల అక్కడ లేనే లేదు. మరి ఎందుకీ అబద్ధం? అదీ తన మీదే వేసుకుని?

బొమ్మ కింద అంచున సన్నటి అక్షరాల్లో కొలతలున్నాయి. నాలుగు వేల తొమ్మిది వందల ఇరవై ఎనిమిది, మూడు వేల రెండు వందల అరవై నాలుగు. ఆ అంకెలు ఆమెకి కంఠస్థం. పెద్ద సైజు. అది చూపిద్దామని తెర దగ్గరికి నడిచి చెయ్యి ఎత్తింది.

ఆమె చెయ్యి ప్రొజెక్టరు వెలుతురులోకి వెళ్ళింది. గోడ మీద, ఆ మొహాలన్నిటి మీదా, దాని నీడ పడింది. మనిషంత చెయ్యి. వేళ్ళు వణుకుతున్నాయి. ఆమె బిగబట్టింది. ఇంకా వణికాయి. ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుంది. ఆ నీడ కూడా వచ్చి కలిసి వణికింది.

హాల్లో నవ్వు ఎప్పుడు ఆగిందో ఆమెకి తెలీదు. గలగలమనే సాసర్లు, బయట పనుల ముందే మారే సైజు, ఫ్లాష్ లైట్లున్న స్టూడియోలో మారని సైజు, విరిగిన అద్దం, "అలాగే పట్టుకునేది" అన్న మాట, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. చిన్న సైజు పెడితే మసకకి ఒక సాకు ఉంటుంది. ఆ సాకు లేకపోతే మిగిలేది ఈ చెయ్యి. కూరగాయలామెని అనుమానించింది, తాళాన్ని అనుమానించింది, తాళికట్టినవాణ్ణి అనుమానించింది. ఈ చేతిని మాత్రం ఒక్కనాడైనా అనుమానించలేదు.

తోడికోడలి వైపు చూసింది. ఆ పిల్ల వద్దన్నట్టు సన్నగా తల ఊపుతోంది. తన మీద వేసుకున్న తప్పుని అలాగే ఉంచేయమంటోంది.

"సైజు పెద్దదే మేడం," అంది ఫోటో అక్కయ్య. "పొద్దున నేనే పెట్టాను. మా చెల్లెలి తప్పేం లేదు. నా చెయ్యి వణుకుతోంది. స్టాండుంటే ఇంకోసారి తీస్తాను."

"ఆటో వెనక ఉందక్కా" అంటూ తోడికోడలు అప్పటికే గుమ్మం దాటింది.

స్టాండు మూడు కాళ్ళూ విప్పి, కెమెరా బిగించి, నొక్కాక రెండు సెకన్లు ఆగి తీసేలా పెట్టింది. "నొక్కి వెనక్కి జరగండక్కా, చాలు" అంది. ఫోటో అక్కయ్య నొక్కి, వెనక్కి జరిగి, చేతులు రెండూ పక్కన వేలాడేసుకుని నిలబడింది. కెమెరా తనంతట తను టక్కుమంది. ఈసారి లెక్కల సారుకి రెండే కళ్ళు, ఒకటే మీసం. చొక్కా గుండీకి వేలాడే దారప్పోగు కూడా కనిపిస్తోంది. పిల్లలు మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఆటో కదిలింది. వాన చినుకులు పక్క పరదా మీద టపటపలాడుతున్నాయి.

"స్టాండు వద్దన్నానా? ఎందుకు తెచ్చావు?" అంది ఫోటో అక్కయ్య. ఇంకేం మాట్లాడాలో తెలియక ఆ మాటే వచ్చింది.

"రోజూ తెస్తూనే ఉన్నానక్కా. రెండేళ్ళ నుంచీ. ఆటో వెనకే ఉంటుంది, మీరు చూడరు."

"రెండేళ్ళా! ఆయనకెప్పుడు తెలిసింది?"

"ముందు చూసింది బావగారే. నాకు చెప్పింది ఆయనే."

"అంటే రెండేళ్ళుగా ఇద్దరూ కలిసి జనం ఫోటోలన్నీ చిన్నవి చేసి తగలేశారు! వాటిని రేపెవరైనా పెద్దవి చెయ్యమంటే ఏం చేస్తావు? ఎక్కణ్ణుంచి తెస్తావు? మసకైతే మసకే, పెద్దదే ఇవ్వాల్సింది. ఎవరిచ్చారు నీకా హక్కు?"

తోడికోడలు కళ్ళు తుడుచుకుంది. "తప్పేనక్కా. సెట్టింగుదని చెబితే జనం ఊరుకునేవాళ్ళు. మీ చెయ్యి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"జనానికి సరే. నాకు చెప్పాల్సింది!"

తోడికోడలు మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. ఏడేళ్ళలో గొంతు పెంచని పిల్ల, ఇప్పుడూ పెంచలేదు.

"చెబితే నమ్మేవారా?"

ఫోటో అక్కయ్య ఆలోచించింది. ఈ పిల్ల ఒక పొద్దున వచ్చి, అక్కా మీ చెయ్యి వణుకుతోంది అంటే తనేం చేసుండేది? కెమెరా కాజెయ్యడానికి ఎత్తు వేశావే అని వీధిలో పెట్టుండేది. ఆయన చెబితే ఇద్దరూ ఒకటయ్యారనుండేది. డాక్టరు చెబితే ఆ డాక్టరు ఎవరి తాలూకు అని వాకబు చేసుండేది. తనకి మంచి చెయ్యాలంటే తన ఇంట్లో తనవాళ్ళే దొంగల్లా, పౌడరు చెరిపి, బటన్లు నొక్కి, తిరగాల్సి వచ్చింది.

కుట్టుమిషన్ల షాపు బోర్డు కనపడింది. ఆటో నెమ్మదించింది.

"లేదు. నమ్మేదాన్ని కాదు" అంది. అని, దిగడానికి తోడికోడలి భుజం పట్టుకుంది.